బానెట్ కింద చోటు చాలని పాత కార్వెట్‌కు కార్బురేటర్ స్పేసర్

అమెరికాలో 1968 నుంచి 1982 దాకా తయారైన మూడో తరం షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారుకు బానెట్ బాగా కిందికి ఉంటుంది. అదీ ఫైబర్‌గ్లాసే. చివరి ఏడాది మినహా అన్నిటికీ కార్బురేటరే, ఎక్కువ వాటికి 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్ మీద క్వాడ్రాజెట్ అనే నాలుగు రంధ్రాల కార్బురేటర్. దానిపై ఎయిర్ క్లీనర్ ఎక్కిస్తే మిగిలే చోటు కొంచెమే. స్పేసర్ అంటే కార్బురేటర్‌కూ, దాని కింద ఇంజిన్‌లోకి గాలి, పెట్రోల్ పంపే ఇంటేక్ మ్యానిఫోల్డ్‌కూ మధ్య పెట్టే దిమ్మ. అది కార్బురేటర్‌ను అంత ఎత్తు లేపుతుంది. ట్రక్కు ఉన్న స్నేహితుడు చెప్పాడని ఈ కారుకు రెండు అంగుళాల స్పేసర్ కొనకండి. పవర్ కోసమైతే ఇక్కడ స్పేసర్ జోలికే వెళ్లొద్దంటాను. వేడి తగ్గించడానికైతే పల్చటిది చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

సమస్య: వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు

పెట్రోల్ బంకులో పది నిమిషాలు ఆపారు. తర్వాత సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు, పెట్రోల్ వాసన. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఎయిర్ క్లీనర్ తీసి, టార్చి వేసి కార్బురేటర్ గొంతులోకి చూడండి. పెట్రోల్ చుక్కలు చుక్కలుగా జారుతుంటే, కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నెలో (బౌల్) అది మరిగి పొంగుతోందన్నమాట. అప్పటికి బయటపడాలంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, పంప్ చేయొద్దు. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఈ బాధ ఎక్కువ. చలికాలపు పెట్రోల్ త్వరగా ఆవిరవుతుంది కాబట్టి, అది ట్యాంకులో ఉండగా ఎండ ముదిరితే మరీ ఎక్కువ.

ఇక కారణం. స్పేసర్ ఆర్డర్ పెట్టే ముందు రెండు చూడండి. ఒకటి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గరి హీట్ రైజర్ వాల్వ్. అది తుప్పు పట్టి మూసుకుపోయి ఉంటే వేడి పొగంతా కార్బురేటర్ కింది దారిలోంచే పోతుంది. దాన్ని వదులు చేస్తే సగం మందికి పని అయిపోతుందని నా నమ్మకం. రెండు, కార్బురేటర్ కింది గ్యాస్కెట్. ఫ్యాక్టరీలో చాలా క్వాడ్రాజెట్లకు సుమారు పావు అంగుళం మందంలో, వేడి ఆపే గ్యాస్కెట్ వచ్చేది. ఎవరో రిపేరు చేసి పల్చటి కాగితం గ్యాస్కెట్ వేసి ఉండొచ్చు. పాతలాంటిది వేస్తే ఎత్తు పెరిగేది ఆ పావు అంగుళం లోపే.

ఇవి రెండూ బాగుంటేనే అర అంగుళం స్పేసర్. ఫినాలిక్ (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్) గానీ, పొరల చెక్క గానీ తీసుకోండి. అల్యూమినియం వేడిని పైకి పంపుతుంది, ఈ పనికి దండగ. క్వాడ్రాజెట్‌కు ముందు రెండు రంధ్రాలు చిన్నవి, వెనక రెండు పెద్దవి. స్పేసర్, గ్యాస్కెట్లు అదే ఆకారంలో ఉండాలి.

రాత్రంతా ఆపాక పొద్దున స్టార్ట్ కాకపోవడం వేరే జబ్బు. బౌల్ అడుగు ప్లగ్గులు కారుతున్నాయేమో చూడాలి. దానికి స్పేసర్ మందు కాదు.

సమస్య: బానెట్ తగులుతోంది

కొలవకుండా మూస్తే ఫైబర్‌గ్లాస్ మీద రంగు చిట్లుతుంది. ఎయిర్ క్లీనర్ మూత మీద, నట్టు మీద చపాతీ పిండి ముద్దలు పెట్టి, పైన ప్లాస్టిక్ పొర కప్పి, బానెట్ మెల్లగా దించి మళ్లీ ఎత్తండి. అణిగిన ముద్ద మందమే మీకున్న చోటు. స్పేసర్ వేశాక కూడా ముప్పావు అంగుళం మిగలాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ డ్రైవర్ వైపు పైకి లేస్తుంది. ఇంజిన్ మౌంట్ రబ్బరు చిరిగి ఉంటే ఇంకా లేస్తుంది, ముందు దాన్ని మార్చండి.

చాలాసార్లు మొదట తగిలేది మూత కాదు, మధ్యలో ఉన్న రెక్కల నట్టు. స్టడ్ కోసి, ఎత్తు తక్కువ నట్టు వేయండి. చాలకపోతే కిందికి దిగిన బేస్ ఉన్న ఎయిర్ క్లీనర్. అది చోక్ లింకేజీకి తగలకుండా చూసుకోవాలి. పల్చటి ఫిల్టర్ వేసి మూతను కార్బురేటర్ నోటి మీదకు దించడం మాత్రం వద్దు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు గాలి అందక, స్పేసర్ వల్ల వచ్చిన లాభమంతా పోతుంది.

సమస్య: వేశాక ఐడిలింగ్ నిలవదు, బుస్సుమని శబ్దం

ఎక్కడో గాలి పీలుస్తోంది. స్పేసర్ చుట్టూ కాస్త నీళ్లు చిమ్మండి. ఐడిలింగ్ మారిన చోటే లీకు. గ్యాస్కెట్ సరిపోకపోవడమో, బోల్టులు అతిగా బిగించి బేస్ వంగడమో కారణం. బోల్టులు పాతవాటి కంటే స్పేసర్ మందమంత ఎక్కువ పొడవున్నవి కావాలి. ముందు రెండు పొడుగు, వెనక రెండు పొట్టి, కలిపేయొద్దు. ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా బిగించండి.

సమస్య: చోక్ తెరుచుకోదు, పికప్ లేదు

పాత మోడళ్లలో చోక్ స్ప్రింగ్ మ్యానిఫోల్డ్ గుంటలో ఉండి, సన్న కడ్డీతో పైకి కలుస్తుంది. కార్బురేటర్ ఎత్తు పెరగ్గానే ఆ కడ్డీ లెక్క తప్పుతుంది, వంచి సరిచేయాలి. కొందరు వేడి తగ్గుతుందని మ్యానిఫోల్డ్ కింది ఎగ్జాస్ట్ దారి మూసేస్తారు. ఎత్తు పెరగని మంచి ఉపాయమే, కానీ ఆ స్ప్రింగుకు వేడి అక్కడినుంచే వస్తుంది. అలా చేస్తే ఎలక్ట్రిక్ చోక్ పెట్టుకోక తప్పదు.

యాక్సిలరేటర్ కేబుల్ బ్రాకెట్ మ్యానిఫోల్డ్‌కు బిగించి ఉంటే దాన్నీ అంతే ఎత్తు లేపాలి. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కగా మీరు పైనుంచి చూడండి, సీతాకోక పలకలు నిలువుగా నిలబడాలి. ఆటోమేటిక్ గేరుబాక్సుకు కిక్‌డౌన్ కేబుల్ (పెడల్ గట్టిగా తొక్కితే కింది గేరుకు దింపేది) ఉంటే అదీ సరిచేయాలి.

పెట్రోల్ పైపు ఇనుపది. అందలేదని బలవంతంగా లాగి నట్టు తిప్పితే మెత్తటి కార్బురేటర్ మర పోతుంది, వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారుతుంది. పైపును నెమ్మదిగా వంచండి, లేదా కొత్తది చేయించండి.

అర అంగుళానికి కూడా చోటు లేకపోతే

ఇంజిన్ మీద ఎవరైనా ఎత్తైన మ్యానిఫోల్డ్ ఎక్కించారేమో చూడండి. ఎడెల్‌బ్రాక్ కంపెనీ మ్యానిఫోల్డ్‌లలో పెర్ఫార్మర్ ఆర్‌పీఎం రకం కంటే మామూలు పెర్ఫార్మర్ పొట్టిది. దానికి మారితే స్పేసర్‌కు చోటు దొరుకుతుంది. మిగిలింది ఎల్88 (ఈ కార్వెట్‌కే వచ్చిన రేసు ఇంజిన్ రకం) తరహా ఉబ్బెత్తు బానెట్. దానికి రంగు వేయించే ఖర్చే స్పేసర్ ధరకు ఎన్నో రెట్లు.