పిల్లలకు ఐక్యూ పరీక్ష: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు ముందే చూసుకోవాల్సినవి

బడి నుంచి "అసెస్‌మెంట్ చేయించుకు రండి" అని కబురు రాగానే ఎక్కడికెళ్లాలి, ఫీజు ఎంత అని వెతకడం మొదలుపెడతాం. అంతకంటే ముందు టీచరును అడగాల్సింది వేరే ఉంది: ఏం తేల్చుకోవడానికి? చదవడం రావట్లేదనా, కుదురుగా కూర్చోవట్లేదనా, పరీక్షల్లో అదనపు సమయం కోసమా? దాన్నిబట్టే పరీక్ష మారుతుంది. చదవడంలో ఇబ్బంది ఉంటే ఐక్యూ ఒక్కటే చాలదు, చదవడం, రాయడం, లెక్కలు చూసే నిమ్హాన్స్ ఆస్పత్రివారి ఎస్‌ఎల్‌డీ (నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది) ఇండెక్స్ లాంటిది కూడా కావాలి. అదనపు సమయం లాంటి వాటికి చూపించే సర్టిఫికెట్ కోసమైతే ప్రైవేటు రిపోర్టు ఒక్కటే సరిపోదు, ప్రభుత్వం గుర్తించిన వైద్యాధికారుల దగ్గరికి వెళ్లాల్సిందే.

పరీక్ష చేసేది రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అయితే మంచిది. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటం వద్దు. వెళ్లే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. సరిగా వినబడని పిల్లకు మార్కులు తగ్గితే తెలివిని కొలిచినట్టు కాదు. రెండు మూడేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, బడి నోటు పుస్తకాలు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. కళ్లజోడు మరవకండి. జ్వరం వచ్చి తగ్గిన మర్నాడైతే వాయిదా అడగండి. ఆన్‌లైన్‌లో దొరికే నమూనా ప్రశ్నలతో తర్ఫీదు మాత్రం ఇవ్వొద్దు, అంకె పెరుగుతుందేమో గానీ అవసరమైన సాయం చేజారుతుంది.

అసలు చిక్కు భాష దగ్గర. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. మన దేశంలో విరివిగా వాడే మిసిక్ అనే ఐక్యూ పరీక్షను అమెరికా వెక్స్‌లర్ పరీక్ష ఆధారంగా నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ రూపొందించారు. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఇచ్చే ఈ పరీక్షలో మాటలతో చేసే భాగాలు 6, బొమ్మలు, దిమ్మలు లాంటి వాటితో చేసే చేతిపని భాగాలు 5. మాటల భాగాన్ని పిల్లకు పట్టులేని భాషలో అడిగితే ఆ మార్కు భాష మీద పట్టునే ఎక్కువ చెబుతుంది. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: తెలుగులో చేయగలవారున్నారా? జవాబు తెలుగులో చెబితే మార్కు వేస్తారా?

లేకపోతే అమ్మను పక్కన కూర్చోబెట్టి అనువాదం చేయిస్తారు. చెడేది అక్కడే. "కాకికీ చిలక్కీ పోలిక ఏంటి?" అన్నదాన్ని అమ్మ "అవి రెండూ ఏం పక్షులు?" అని అడిగిందనుకోండి, జవాబు ప్రశ్నలోనే దొరికిపోయింది. ప్రశ్నను ప్రతి పిల్లకూ ఒకే మాటల్లో, ఒకే గడువులో అడిగితేనే పోల్చడానికి వీలుంటుంది. తెలుగు మనిషి దొరకకపోతే మాటలు తక్కువగా ఉండే రావెన్ బొమ్మల పరీక్షో, భాటియా పరీక్షో అడగొచ్చు. అవీ భాషా ప్రభావం పూర్తిగా లేనివి కావు, కానీ అమ్మ అనువాదం కంటే నయం.

ఇక అంకె. సగటు 100, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 15, అంటే నూటికి దాదాపు 68 మంది 85, 115 మధ్య ఉంటారు. పరీక్ష విశ్వసనీయత, అంటే మళ్లీ కొలిచినా ఎంత నిలకడగా అదే అంకె వస్తుందో చెప్పేది (అత్యధికం 1), 0.91 అనుకుందాం. 1లోంచి 0.91 తీసేస్తే 0.09, దాని వర్గమూలం 0.3, దాన్ని 15తో గుణిస్తే 4.5. అదే కొలతలో ఉండే పొరపాటు. 95 శాతం నమ్మకం కావాలంటే అటూ ఇటూ 9 వేసుకోవాలి. రిపోర్టులో 88 అని ఉంటే 79 నుంచి 97 వరకు అని చదువుకోండి. నిరుడు 88, ఈ ఏడాది 96 వచ్చిందని సంబరపడొద్దు. రెండు పరీక్షల్లోనూ పొరపాటు ఉంటుంది కాబట్టి సుమారు 12 పాయింట్ల లోపు తేడాను మార్పు అనుకోలేం. పైగా అదే పరీక్ష కొన్ని నెలల్లోనే మళ్లీ రాస్తే అలవాటు కొద్దీ అంకె పెరుగుతుంది. ఏడాదైనా ఆగడం మేలు.

మొత్తం అంకె కన్నా భాగాల మధ్య ఎగుడుదిగుడే పనికొస్తుంది. చేతిపనిలో 110, మాటల్లో 82 వస్తే సగటు కట్టి "మామూలే" అనేస్తే ఏమీ తెలియదు. ఆ తేడా భాష వల్లా, వేరే ఇబ్బంది వల్లా అని సైకాలజిస్టును నిలదీసి అడగండి.

రిపోర్టు చేతికి వచ్చాక పరీక్ష పేరు, ఏ భాషలో చేశారు, మధ్యలో ఎవరైనా అనువదించారా, పిల్ల ఎలా కూర్చుంది, ఏ భాగంలో ఎంత, అంకె ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అన్నవి ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. లేకపోతే రాయించుకున్నాకే బడికి కాపీ ఇవ్వండి.