విజయవాడలో బాడీబిల్డింగ్ జిమ్‌లో చేరాక మొదటి మూడు నెలలు ఎలా చేయాలి?

బెంజిసర్కిల్ చుట్టుపక్కల అద్దాల గోడలు, ఏసీ, ట్రెడ్‌మిల్ వరసలు ఉన్న జిమ్ములు చాలానే ఉన్నాయి. ఇక్కడ చెప్పేది వాటి గురించి కాదు. వన్‌టౌన్‌లోనో సత్యనారాయణపురంలోనో మేడ మీద రేకుల షెడ్డు, గోడకు ఆంజనేయస్వామి పటం, అంచులు అరిగిన ఇనప ప్లేట్లు, నాలుగు ఫ్యాన్లు ఉండే జిమ్ గురించి. అద్దం ముందు పోటీలకు తయారవుతున్న ఇద్దరు ముగ్గురు సీనియర్లను చూడగానే కొత్తవాళ్లకు సగం ధైర్యం పోతుంది. భయపడక్కర్లేదు. ఇండోర్ స్టేడియానికి వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు పేరు పెట్టుకున్న ఊరు ఇది. "అన్నా, ఇది ఎలా చేయాలి?" అని అడిగితే చేస్తున్న సెట్ (ఆగకుండా బరువెత్తే ఒక విడత) పూర్తి చేసుకుని వచ్చి చూపించేవాళ్లు ఇలాంటి జిమ్ముల్లోనే ఎక్కువ.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. రాడ్ ఎలా పట్టుకోవాలో ఆ సీనియర్లను అడిగి నేర్చుకోండి, వాళ్ల షెడ్యూల్ మాత్రం కాపీ కొట్టకండి. సోమవారం మొత్తం చెస్ట్, మంగళవారం మొత్తం బ్యాక్ అన్న లెక్క ఏళ్ల తరబడి బరువులెత్తిన ఒంటికి సరిపోతుంది. మీ ఒంటికి ఇంకా ఆ అవసరం రాలేదు.

1. చేరే ముందు వెళ్లి చూడండి

సాయంత్రం ఆరు తర్వాత, రద్దీగా ఉన్నప్పుడు వెళ్లండి. కోచ్ కొత్తవాళ్ల పక్కన నిలబడి ఉన్నాడా, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడా అన్నది అప్పుడే తెలుస్తుంది. మెషీన్ల కొత్తదనం కంటే నాకు ఇది చాలా ముఖ్యం. స్క్వాట్ ర్యాక్‌కు (బరువుతో గుంజీళ్లు తీయడానికి రాడ్ పెట్టే స్టాండ్) సేఫ్టీ రాడ్లు ఉన్నాయో లేదో, 1.25 కిలోల చిన్న ప్లేట్లు ఉన్నాయో లేదో గమనించండి. ఆడవాళ్లు చేరుతుంటే విడిగా బ్యాచ్ ఉందేమో అడగండి. బరువులెత్తితే మగవాళ్లలా కండలు వచ్చేస్తాయని కొందరు వెనకాడతారు. ఆడవాళ్లలో కండ పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ చాలా తక్కువ కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు.

బీపీ, గుండె సమస్య, హెర్నియా, పాత మోకాలి దెబ్బ ఉంటే ముందు డాక్టర్‌కు చూపించుకోండి. ఫీజు మొదట ఒక్క నెలకే కట్టండి.

2. సంచిలో ఏముండాలి

తువ్వాలు, నీళ్లు, నోట్‌బుక్, పెన్ను. బూట్లు అడుగు చదునుగా, గట్టిగా ఉన్నవి. మామూలు కాన్వాస్ బూట్లు చాలు, బీసెంట్ రోడ్డులో ఒక చుట్టు తిరిగితే దొరుకుతాయి. పరిగెత్తడానికి వాడే మెత్తటి బూట్లతో స్క్వాట్ చేస్తే మడమ అటూ ఇటూ ఊగుతుంది. గ్లవ్స్ అవసరం లేదు. అరచేతులు కొన్నాళ్లకు కాయలు కాసి గట్టిపడతాయి.

3. మొదటి రెండు వారాలు ఖాళీ రాడ్

ఏడడుగుల ఒలింపిక్ రాడ్ ఒక్కటే 20 కిలోలు ఉంటుంది. చిన్న జిమ్ముల్లో సన్న రాడ్లు కూడా ఉంటాయి, వాటి బరువు తక్కువ. ఏది ఎంతో కోచ్‌ను అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి, లేకపోతే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి.

స్క్వాట్: రాడ్ మెడ ఎముక మీద కాకుండా దాని కింద, భుజాల కండ మీద ఆనాలి. పాదాలు భుజాల వెడల్పులో పెట్టి, వేళ్లు కొంచెం బయటికి తిప్పండి. గుండె నిండా గాలి పీల్చి పొట్ట బిగించి, వెనక పీట మీద కూర్చుంటున్నట్టు దిగండి. మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా పాదాల వేళ్ల వైపే వెళ్లాలి. లేచేటప్పుడు మడమ నేలను వదలకూడదు. ఎదురుగా అద్దం ఉంది కదా అని దాన్నే చూస్తూ ఉంటే నడుము ఎప్పుడు వంగిందో తెలియదు. అందుకే పక్కనుంచి ఎవరినైనా వీడియో తీయమనండి.

బెంచ్ ప్రెస్‌కు, అంటే బెంచీ మీద వెల్లకిలా పడుకుని రాడ్‌ను ఛాతీ మీంచి పైకి తోయడానికి, ఒక మనిషి సాయం కావాలి. మంచి సీనియర్ తల వెనక నిలబడి, రాడ్ కింద రెండు చేతులు ఆనీ ఆనకుండా ఉంచుతాడు. రాడ్ ఆగిపోయినప్పుడే పట్టుకుంటాడు, అదీ మీరు ఇంకా తోయగలిగేంత మాత్రమే. సెట్ మొదలుపెట్టకముందే "పది కొడతాను, చివరి రెండూ చూడన్నా" అని చెప్పండి. ఎవరూ లేని రోజు డంబెల్స్‌తో చేసుకోండి.

4. వారానికి మూడు రోజులు

సోమ, బుధ, శుక్ర. ఒక రోజు స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్ (ముందుకు వంగి రాడ్‌ను పొట్ట వైపు లాగడం). తర్వాతి రోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొంచెమే వంచి, తుంటి వెనక్కి నెట్టి రాడ్‌ను తొడల వెంట దించి లేపడం), షోల్డర్ ప్రెస్ (భుజాల దగ్గర నుంచి తల పైకి తోయడం), లాట్ పుల్‌డౌన్ (మెషీన్ దగ్గర కూర్చుని పైనున్న రాడ్‌ను ఛాతీ వైపు లాగడం). ఆ తర్వాత మళ్లీ మొదటిది. వామప్ సెట్లు (ఒళ్లు వేడెక్కడానికి తేలిక బరువుతో చేసేవి) కాక ఒక్కోటి మూడు సెట్లు, సెట్‌కు 8 నుంచి 12 రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్). సెట్‌కు సెట్‌కు మధ్య రెండు మూడు నిమిషాలు కూర్చోండి. చివర్లో బైసెప్స్ రెండు సెట్లు కొట్టాలనిపిస్తే కొట్టండి, ఎవరూ ఆపరు.

ఇంకో రెండు రెప్స్ చేయగలను అనిపించినప్పుడే సెట్ ఆపేయండి. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజు నోట్‌బుక్‌లో టిక్ పెట్టి, వచ్చేసారి రాడ్‌కు అటు 1.25, ఇటు 1.25 కిలోలు వేయండి. కండ పెరిగేది ఇలా కొంచెం కొంచెంగా ఒంటి మీద భారం పెంచితేనే.

స్క్వాట్ మొదలైన మర్నాడు మెట్లు దిగడం కష్టమవుతుంది. ఆ నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి వేరు, దాన్ని ఓర్చుకుంటూ చేయకూడదు. బాగా ఎక్కువ చేసిన తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. దెబ్బతిన్న కండ నుంచి వచ్చే పదార్థాలు కిడ్నీలను పాడుచేస్తాయి.

మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డు సాయంత్రం ఏడింటికి కూడా కాలుతూనే ఉంటుంది. ఆ ఎండలు తగ్గేదాకా తెల్లవారుజామున వెళ్లండి. వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. తల తిరిగితే సెట్ మధ్యలోనైనా ఆపేసి ఫ్యాన్ కింద కూర్చోండి.

5. తిండి: ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనే ముందు లెక్క వేయండి

కండ పెరగాలంటే ఒంటి బరువులో కిలోకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి రోజుకు 96 గ్రాములు. నాలుగు గుడ్లలో 24, రెండు గ్లాసుల పాలలో 13, 150 గ్రాముల పచ్చి చికెన్‌లో 33, పప్పులో 9, రోజంతా తినే అన్నంలో 10, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7. అంతా కలిపితే సరిగ్గా సరిపోయింది, పౌడర్ లేకుండానే. మాంసం తినని వాళ్లకు మీల్ మేకర్ ఉంది, 50 గ్రాముల్లో 26 గ్రాముల ప్రొటీన్. హాస్టల్ మెస్‌లో సాంబారన్నంతో గడిపే విద్యార్థులు గదిలో ఉడకబెట్టిన గుడ్లు, నానబెట్టిన శనగలు పెట్టుకుంటే చాలా తేడా ఉంటుంది.

అప్పటికీ చాలకపోతే వే ప్రొటీన్ కొనుక్కోవచ్చు, అది పాల నుంచి తీసిందే. సీల్ చూడండి, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ చూడండి, బిల్లు తీసుకోండి. ఎవరో సగం ధరకు ఇప్పిస్తామంటే వద్దనండి.

6. ఇంజెక్షన్ మాట వచ్చినప్పుడు

వస్తుంది. మీ బరువులు పెరగడం చూసి ఎవరో ఒకరు చెవిలో "ఒక్క కోర్సు వాడు తమ్ముడూ, రెండు నెలల్లో కట్స్ వస్తాయి" అంటారు. వాళ్లు చెప్పేది స్టెరాయిడ్ల గురించి, అంటే టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్ మందుల గురించి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులవి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వేస్తే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది, వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గుతాయి. గుండె కండరం మందమవుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. టాబ్లెట్ల రూపంలో వాడేవి లివర్‌ను దెబ్బతీస్తాయి. ఇంటర్ చదివే కుర్రాడు వాడితే ఎముకల ఎదుగుదల ముందే ఆగి, పెరగాల్సిన ఎత్తు పెరగడు. వద్దని గట్టిగా చెప్పండి. ఆ మాట కోచ్ నోటి నుంచే వస్తే అదే రోజు ఆ జిమ్ మానేయండి.

7. మూడో నెల చివర

మొదటి రోజు తీసిన ఫోటో పక్కన అదే వెలుతురులో ఇంకోటి తీసుకోండి. ఛాతీ, నడుము, తొడ టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. బరువులు పెరుగుతూనే ఉంటే షెడ్యూల్ మార్చొద్దు. ఇదే ఇంకో మూడు నెలలు నడుస్తుంది. రెండు మూడు వారాలుగా ఒక్క రెప్ కూడా పెరగకపోతే ముందు నిద్ర చూసుకోండి, రోజుకు ఏడెనిమిది గంటలు పడుతోందా? తర్వాత తిండి. ఆ రెండూ సరిగ్గా ఉండి కూడా ఆగిపోతేనే వారానికి నాలుగు రోజులకు మారండి: సోమ, గురు నడుముకు పైభాగం, మంగళ, శుక్ర కాళ్లు.