యూకాన్ మంచు పగిలే ముందు చేసుకోవాల్సిన పనులు

అలాస్కా నడిమి ప్రాంతంలో గలీనా లాంటి యూకాన్ నది ఒడ్డు ఊళ్లకు రోడ్డు లేదు. వేసవిలో పడవ, చలికాలంలో గడ్డకట్టిన నది, ఏడాది పొడుగునా చిన్న విమానం. మే నెలలో మంచు పగిలే రోజుల్లో నది మీద పడవా నడవదు, మంచు మీద పోయే బండి స్నోమొబైలూ నడవదు. రన్‌వే మునిగితే విమానమూ దిగదు. అందుకే నెలకు సరిపడా మందులు, రెండు వారాల తిండి ఏప్రిల్‌లోనే ఇంట్లో ఉండాలి.

చలికాలం మొదట్లో తేటగా, గట్టిగా ఉన్న మంచు 4 అంగుళాలుంటే మనిషి నడవొచ్చు, 5 నుంచి 7 అంగుళాలుంటే స్నోమొబైల్ పోతుంది. ఏప్రిల్‌లో ఈ లెక్క నమ్మకండి. ఎండకు మంచు నిలువు పుల్లలుగా విడిపోతుంది, రెండడుగుల మందం ఉన్నా కాలి కింద కూలిపోవచ్చు. ఒడ్డు వెంట, వాగులు కలిసే చోట ముందుగా పోతుంది. అక్కడ నీళ్లు కనబడితే ఇక నది దాటొద్దు.

అసలు భయం వరదతో. భద్రాచలంలో గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలుంటాయి, సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ దిగువన వంపులో మంచు పలకలు ఇరుక్కుంటే నీరు వెనక్కి తన్ని ఊరెక్కుతుంది. 2013 మే చివర్లో గలీనాను ముంచింది దిగువన బిషప్ రాక్ దగ్గర పడిన అడ్డే. కాబట్టి ఊరి ముందు సాగుతున్న మంచు ఉన్నట్టుండి ఆగి, నీళ్లు పెరుగుతుంటే సామాను వదిలేసి మిట్టకు వెళ్లిపోండి. గలీనాలో అయితే విమానాశ్రయం చుట్టూ కట్ట ఉంది, దాని లోపలికి వెళ్లొచ్చు.

ఇంటిని వెచ్చబెట్టే నూనె ట్యాంకు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. నూనె తగ్గిన ట్యాంకు నీళ్లలో తేలుతుంది, పైపు తెగుతుంది, నూనె అంతా ఊరి నీళ్లలో కలుస్తుంది. రెండు చివర్లా గొలుసులతో నేలలో పాతిన గుంజలకు బిగించండి. బయల్దేరే ముందు వాల్వు మూసేయండి. ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లనూ అలాగే గొలుసులతో కట్టండి. ఖాళీ డ్రమ్ములు ఒడ్డున ఉంచొద్దు.

తాగే నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున ముందే పట్టి ఉంచండి. వరద తర్వాత బావి నీటిలో మురుగు కలిసి ఉండొచ్చు. ఒక నిమిషం తెర్లనిచ్చి తాగండి. నూనె వాసన వస్తే మాత్రం కాచినా, బ్లీచ్ వేసినా ఆ నీళ్లు పనికిరావు.

పడవను ఒడ్డు నుంచి దూరంగా లాగి, పెద్ద చెట్టుకు పొడవాటి తాడుతో కట్టండి. తాడు పొట్టిదైతే నీరు పెరిగినప్పుడు పడవ మునుగుతుంది. స్లెడ్జి లాగే కుక్కలను ముందుగానే మిట్టకు చేర్చాలి. వీలుకాకపోతే గొలుసులు విప్పేయండి, కట్టేసి ఉన్నవి అక్కడికక్కడే మునిగిపోతాయి.