అమెరికాలో ఫెడరల్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ పైలట్ కావాలంటే

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పైలట్‌గా చేరి ఏజెంట్ అవుతారా, ఏజెంట్‌గా చేరి పైలట్ అవుతారా? రెండు దారులూ ఉన్నాయి. అర్హతలు వేరు, వయసు లెక్కలు వేరు. ఇది తేల్చుకోకుండా ఎగిరే గంటలు పెంచుకుంటూ పోతే డబ్బు కరిగిపోతుంది, ఈలోగా వయసూ దాటిపోతుంది.

పైలట్లను పైలట్లుగానే తీసుకునే పెద్ద సంస్థ, అమెరికా సరిహద్దులు కాపాడే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ కింద పనిచేసే ఎయిర్ అండ్ మెరైన్ ఆపరేషన్స్. ఏఎంఓ అంటారు. పోస్టు పేరు ఎయిర్ ఇంటర్‌డిక్షన్ ఏజెంట్. బ్యాడ్జి, తుపాకీ, అరెస్టు చేసే అధికారం అన్నీ ఉంటాయి. ఏ-స్టార్, బ్లాక్ హాక్ హెలికాప్టర్ల నుంచి కింగ్ ఎయిర్, డ్యాష్-8, పీ-3 విమానాల దాకా, దూరం నుంచి నడిపే ఎంక్యూ-9 డ్రోన్లు కూడా వీళ్ల చేతిలో ఉన్నాయి. ఎఫ్‌బీఐ, డీఈఏ (మాదకద్రవ్యాల నిరోధక సంస్థ)ల్లో వరుస తిరగబడుతుంది. ముందు స్పెషల్ ఏజెంట్‌గా ఎంపికై, శిక్షణ ముగించి, కేసులు చూశాకే విమానం మాట. మీకు ఎన్ని గంటలున్నా పైలట్ సీటు దక్కుతుందన్న హామీ ఉండదు. దర్యాప్తు పని మీద ఇష్టం లేకుండా విమానం కోసమే ఎఫ్‌బీఐలో చేరడం తెలివైన పని కాదు. ఎగరడమే ముఖ్యం అనుకుంటే ఏఎంఓయే సరైన గురి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని గురించే.

గడప దాటనివ్వని షరతులు

అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్‌కార్డు చాలదు. గత ఐదేళ్లలో మూడేళ్లు అమెరికాలో నివసించి ఉండాలి. సైన్యంలోనో ప్రభుత్వ పనిమీదో విదేశంలో ఉన్నవారికి మినహాయింపులున్నాయి. 40వ పుట్టినరోజు రాకముందే మీ పేరు ఎంపిక జాబితాకు చేరాలి. మాజీ సైనికులకూ, ఇప్పటికే ఫెడరల్ పోలీసు ఉద్యోగం చేసినవారికీ ఇందులో సడలింపు దొరుకుతుంది. ఎఫ్‌బీఐకైతే కనీసం 23 ఏళ్లు నిండాలి, 37 నిండకముందే నియామకం అయిపోవాలి. ఈ ఉద్యోగాల్లో 20 ఏళ్ల సర్వీసు ఉన్నవారు 57కే రిటైర్ కావాల్సి రావడమే ఈ పరిమితులకు కారణం.

వలస వచ్చిన మగవాళ్లు తరచూ మరిచిపోయేది సెలెక్టివ్ సర్వీస్, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ప్రభుత్వం ఉంచుకునే పేర్ల జాబితా. 26 నిండకముందే గ్రీన్‌కార్డు వచ్చి ఉంటే అందులో నమోదు కావాల్సిందే. స్టూడెంట్ వీసా మీదో హెచ్-1బీ మీదో ఉన్న కాలానికి ఈ బాధ్యత లేదు. 26 దాటాక ఇక నమోదు కుదరదు కాబట్టి, మీకు అది ఎందుకు వర్తించలేదో చూపే వీసా కాగితాలు, ప్రవేశ తేదీలు దగ్గర పెట్టుకోండి.

లైసెన్సు కంటే ముందు మెడికల్

చాలామంది వేలకు వేలు శిక్షణకు పోసి, చివర్లో మెడికల్ దగ్గర ఆగిపోతారు. మొదటి పాఠానికి ముందే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర సెకండ్ క్లాస్ మెడికల్, అంటే కమర్షియల్ పైలట్లకు కావాల్సిన వైద్య సర్టిఫికెట్ తీసుకోండి. ఒక్కో కంటికీ దూరపు చూపు 20/20 ఉండాలి. అద్దాలతో వచ్చినా సరే. రంగుల పరీక్షలో ఇబ్బంది ఉంటే అది ఇప్పుడే తెలియడం మేలు. గత మూడేళ్లలో వెళ్లిన ప్రతి డాక్టర్ వివరం ఫారంలో రాయాలి. ఏడీహెచ్‌డీ, డిప్రెషన్ మందులు వాడినవారు ముందు డాక్టర్‌తో విడిగా మాట్లాడుకుని, రికార్డులు కూడగట్టుకుని, ఆ తర్వాతే ఫారం పంపాలి. ఒకసారి తిరస్కరణ నమోదైతే దాన్ని సరిచేసుకోవడం నెలల తరబడి పని. ఏఎంఓ తన సొంత వైద్య పరీక్ష కూడా చేస్తుంది. ఎఫ్ఏఏ కాగితం చూపించి దాన్ని తప్పించుకోలేరు.

లైసెన్సు విషయానికొస్తే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌తో (బయట కనిపించనప్పుడు పరికరాలు చూసి నడిపే అర్హత) కమర్షియల్ సర్టిఫికెట్ కావాలి. ఎఫ్ఏఏ నిబంధనల్లోని పార్ట్ 61 కింద విమానానికి కనీసం 250 గంటలు, హెలికాప్టర్‌కు 150. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి. ఇది సర్టిఫికెట్ చేతికి రావడానికి చాలే లెక్క. ఉద్యోగానికి చాలుతుందని అనుకోకండి. ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైట్ యూఎస్ఏజాబ్స్ ప్రకటనలో మొత్తం గంటలు, పైలట్ ఇన్ కమాండ్ (పీఐసీ, అంటే ఫ్లైట్ బాధ్యత మీదైన సమయం), రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్, గత 12 నెలలు అని విడివిడిగా అడుగుతారు. అంకెలు ప్రకటనను బట్టి మారతాయి. పాత ప్రకటన పట్టుకుని లెక్కలేసుకోవద్దు.

ఇండియాలో డీజీసీఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉన్నవారికి ఒక మాట. విదేశీ లైసెన్సు ఆధారంగా ఎఫ్ఏఏ నేరుగా ఇచ్చేది ప్రైవేట్ స్థాయి సర్టిఫికెటే. కమర్షియల్ కావాలంటే రాత పరీక్ష, చెక్‌రైడ్ (ఎగిరి చూపించే పరీక్ష) రెండూ గెలవాలి. అయితే అక్కడ ఎగిరిన గంటలు వృథా కావు. లాగ్‌బుక్‌లో సరిగ్గా నమోదై ఉంటే మొత్తంలో కలుస్తాయి.

లాగ్‌బుక్

ఇంటర్వ్యూ దాకా వెళ్లినవారిని ఇబ్బంది పెట్టేది తక్కువ గంటలు కాదు, పొంతన లేని గంటలు. ఒక వరుస చూడండి: మొత్తం 2.0, రాత్రి 1.4, సిమ్యులేటెడ్ ఇన్‌స్ట్రుమెంట్ 1.2, పీఐసీ 2.0. చూడ్డానికి బాగుంది. కానీ హుడ్ (పరికరాలు తప్ప బయట కనిపించకుండా కళ్లకు పెట్టుకునే అడ్డు) పెట్టుకున్నప్పుడు పక్కన కూర్చుని బయట చూసే సేఫ్టీ పైలట్ పేరు లేదు. నిబంధన ప్రకారం ఆ పేరు ఉండాలి. అది లేనిదే ఆ 1.2 ప్రశ్నార్థకమే. సేఫ్టీ పైలట్‌గా కూర్చుని మీరు పీఐసీ రాసుకుని ఉంటే, హుడ్ ఉన్నంత సేపే రాయాలి. అదీ ఆ ఫ్లైట్ బాధ్యత మీదేనని ముందే ఇద్దరూ అనుకుని ఉంటేనే. సిమ్యులేటర్ సమయాన్ని అసలు ఎగిరిన గంటల్లో కలిపేయడం ఇంకో పాత తప్పు. పార్ట్ 107 (చిన్న డ్రోన్ల నిబంధన) కింద నడిపిన డ్రోన్ గంటలు కూడా ఇక్కడ చెల్లవు.

ప్రతి పేజీ మొత్తాన్ని మళ్లీ కూడండి. ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్, కాగితం లాగ్‌బుక్, గత చెక్‌రైడ్లప్పుడు ఎఫ్ఏఏ సర్టిఫికెట్ దరఖాస్తుగా నింపిన 8710 ఫారాలు, మూడూ ఒకే కథ చెప్పాలి. తేడా కనిపిస్తే కొట్టివేసి దిద్దకండి. సవరణ వరుస ఒకటి రాసి, కారణం పక్కన పెట్టండి. రెజ్యూమెలో గంటల పట్టిక మొదట్లోనే ఉండాలి, ప్రకటనలో అడిగిన మాటలతోనే. "సుమారు" అన్న మాట అక్కడ పనికిరాదు.

ఎస్‌ఎఫ్-86, పాలిగ్రాఫ్

అసలు వడపోత ఇక్కడే. ఎస్‌ఎఫ్-86 అంటే మీ నేపథ్య విచారణ కోసం నింపే ఫారం. పదేళ్ల చిరునామాలు, పదేళ్ల ఉద్యోగాలు ఖాళీ లేకుండా రాయాలి. అపార్ట్‌మెంట్ మారేటప్పుడు స్నేహితుడి ఇంట్లో ఉన్న రెండు నెలలు కూడా చిరునామానే. ఏడేళ్ల విదేశీ ప్రయాణాలు, విదేశాల్లో ఉన్న దగ్గరి బంధువులు, ఇప్పటికీ మాట్లాడుకునే అక్కడి స్నేహితులు, మీ పేరు మీద ఉన్న పొలం, ఫ్లాటు, బ్యాంకు ఖాతా అన్నీ రాయాలి. విదేశంలో చుట్టాలున్నారని ఉద్యోగం పోదు. దాచారని పోతుంది. పాస్‌పోర్టు ముద్రలు, లీజులు, పన్ను పత్రాలు ముందేసుకుని ఒక డాక్యుమెంట్‌లో తేదీల వరుస తయారు చేసుకుని, అక్కడి నుంచి ఫారం నింపండి.

గంజాయి చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమే కావచ్చు. ఫెడరల్ చట్టానికి అది ఇప్పటికీ నేరమే. ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది నిజమే రాయండి.

2010లో వచ్చిన చట్టం ప్రకారం కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్‌లో లా ఎన్‌ఫోర్స్‌మెంట్ పోస్టులకు పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రపరీక్ష) తప్పనిసరి. ఫారంలో రాయనిది కుర్చీలో కూర్చున్నాక "గుర్తొచ్చింది" అని చెప్పడమే చాలామందిని ముంచేది. పరీక్షను మోసగించే చిట్కాలు ఇంటర్నెట్‌లో చదవద్దు. చదివారా అని కూడా అడుగుతారు. నిద్రపోయి వెళ్లండి, రోజూ వేసుకునే మందులు మానకండి.

దేహదారుఢ్యం, ఫ్లైట్ చెక్, అకాడమీ

పుషప్‌లు, సిటప్‌లు, నిమిషాలపాటు స్టెప్ ఎక్కి దిగే పరీక్ష లాంటివాటికి కనీసం మూడు నెలల ముందు నుంచే సాధన మొదలుపెట్టాలి. ఎంపికయ్యాక జార్జియా తీరపు ఉక్కలో పరిగెత్తాల్సింది అకాడమీ ఉన్న గ్లిన్‌కోలో. అది ఈ పరీక్షకంటే కష్టం.

ఫ్లైట్ చెక్‌కు కమర్షియల్, ఇన్‌స్ట్రుమెంట్ ప్రమాణాలనే కొలబద్దగా పెట్టుకోండి. స్టీప్ టర్న్‌లో (బాగా వాలి తిరిగే మలుపు) 50 డిగ్రీల బ్యాంక్, అంటే వాలు, ఐదు డిగ్రీల లోపు తేడాతో, ఎత్తు 100 అడుగుల లోపు, వేగం 10 నాట్ల లోపు నిలవాలి. ఐఎల్ఎస్‌లో (రేడియో సంకేతాలతో రన్‌వేకు దారి చూపే వ్యవస్థ) సూది స్కేలులో నాలుగింట మూడొంతులు దాటకూడదు. ఎయిర్‌లైన్ ఉద్యోగంలో ఆటోపైలట్‌కు అలవాటుపడ్డవారు చేత్తో నడపడంలోనే తడబడతారు. వెళ్లే ముందు నెలరోజులు ఆటోపైలట్ ముట్టుకోకుండా హోల్డింగులు (ఒకేచోట చక్కర్లు కొట్టడం), మిస్డ్ అప్రోచ్‌లు (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చేయండి.

ఎంపికయ్యాక జీతంతో కూడిన అకాడమీ గ్లిన్‌కోలోని ఫెడరల్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ట్రైనింగ్ సెంటర్‌లో. అక్కడ విమానాల ఊసు తక్కువ. అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ కింద సోదా ఎప్పుడు చెల్లుతుంది, బలం ఎప్పుడు వాడొచ్చు, కాల్పులు, డ్రైవింగ్, చేతులతో పోరు, పెప్పర్ స్ప్రే. వేల గంటలున్న పైలట్లు ఇక్కడ న్యాయశాస్త్రం పేపర్లలో దెబ్బతింటారు. అమెరికన్ ఏవియేషన్ నియమాల్లా కాకుండా ఇందులో ప్రశ్న ఎప్పుడూ ఒక సంఘటన రూపంలో వస్తుంది, సెక్షన్ నంబరు బట్టీ పడితే జవాబు రాదు. ఒక్కో కేసుకు "ఆ సమయంలో ఆ ఆఫీసర్‌కు ఏం తెలుసు" అని రాసుకుని చదివితే పట్టు దొరుకుతుంది.

ఆ తర్వాతే మీకు కేటాయించిన విమానం మీద అర్హత, నైట్ విజన్ గాగుల్స్, రాత్రివేళ కిందనున్న వాహనాన్ని గాని పడవను గాని కెమెరాలోంచి జారనివ్వకుండా వెంబడించడం నేర్పుతారు. డ్యూటీ స్టేషన్ సరిహద్దులో గాని ప్యూర్టోరికోలో గాని పడవచ్చు. ఇంట్లోవాళ్లతో ఆ మాట అప్లికేషన్ పెట్టకముందే మాట్లాడుకోండి, ఆఫర్ లెటర్ వచ్చాక కాదు.