బెంగళూరులో ఉంటూ అమెరికా మెడికేర్: ఎవరికి వస్తుంది, ఎప్పుడు తీసుకోవాలి

మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. బెంగళూరు తెలుగువాళ్లలో దాని సంగతి రెండు రకాలవాళ్లకు కావాలి. ఇరవై ముప్ఫై ఏళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపూర్ రోడ్డులోనో స్థిరపడ్డవాళ్లు ఒకరు. పిల్లలు గ్రీన్ కార్డుకు పెడితే పెద్దవయసులో అటు బయల్దేరే అమ్మానాన్నలు మరొకరు. చట్టం ఇద్దరికీ ఒకటే, లెక్కలు మాత్రం వేరు. ఒకరికి పనికొచ్చిన సలహా ఇంకొకరు పాటిస్తే నష్టమే.

ఇద్దరికీ వర్తించే మాట ఒకటుంది. ఇక్కడి ఆస్పత్రి బిల్లులో మెడికేర్ ఒక్క రూపాయి కూడా కట్టదు. అది అమెరికా గడ్డ మీద జరిగే వైద్యానికే. అదనంగా కొనుక్కునే మెడిగ్యాప్ పాలసీల్లో సీ, డీ, ఎఫ్, జీ, ఎమ్, ఎన్ రకాలు విదేశీ అత్యవసర వైద్యానికి కొంత ఇస్తాయి. అదీ ప్రయాణం మొదలైన తొలి 60 రోజుల్లో వచ్చే జబ్బుకే: ముందు 250 డాలర్లు మనం భరించాలి, మిగిలినదానిలో 80 శాతం వాళ్లు ఇస్తారు, జీవితకాలంలో 50,000 డాలర్లు దాటదు. అంటే అమెరికా నుంచి చుట్టంచూపుగా వచ్చేవారికే అది ఉపయోగం, ఇక్కడ కాపురం ఉండేవారికి కాదు. అందుకే మెడికేర్ కార్డు ఉంది కదా అని ఇక్కడి ఆరోగ్య బీమా వదులుకోవద్దు. వదిలేసి మళ్లీ కొంటే బీపీ, షుగరు లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెడతారు.

అర్హత ఎలా లెక్కిస్తారు

వయసు 65 నిండాలి. ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ఉచితంగా రావాలంటే సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షను పథకం) పన్ను కట్టిన ఉద్యోగంలో 40 క్రెడిట్లు ఉండాలి. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్. ఏడాదికి నాలుగే గరిష్ఠం కాబట్టి ఎంత తొందరపడ్డా పదేళ్లు పడుతుంది. ఇక్కడ చాలామంది లెక్క తప్పేది విద్యార్థి వీసా ఏళ్లతో. ఎఫ్-1 అనే ఆ వీసా మీద ఉన్న తొలి ఐదేళ్లు, చదువయ్యాక అదే వీసా మీద చేసే ఉద్యోగ కాలం (ఓపీటీ)తో సహా, మామూలుగా ఆ పన్ను పడదు. పన్ను పడని ఏళ్లకు క్రెడిట్లూ ఉండవు. "పదకొండేళ్లు చేశాను" అనుకున్నవారికి తీరా చూస్తే 32 తేలుతుంటాయి. మీ సోషల్ సెక్యూరిటీ ఖాతాలో సంవత్సరాలవారీగా కనిపిస్తుంది, ఊహించకుండా అక్కడ చూసుకోండి. భారత్, అమెరికా మధ్య ఈ విషయంలో ఒప్పందమేమీ లేదు. ఇక్కడ పీఎఫ్ కట్టిన ఏళ్లు అక్కడ కలవవు.

మీకు 40 లేకపోయినా మీ భర్తకో భార్యకో ఉంటే చాలు. ఆయనకు లేదా ఆమెకు 62 నిండి, పెళ్లయి ఏడాది దాటి ఉంటే వారి రికార్డు మీద మీకూ ఉచితంగా వస్తుంది. కొడుకు క్రెడిట్లు తల్లిదండ్రులకు పనికిరావు. "మా అబ్బాయి ఇరవై ఏళ్లుగా టాక్సు కడుతున్నాడు కదా" అన్న ధీమా చాలా ఇళ్లలో వినబడుతుంది. దానికి ఆధారం లేదు.

2025 జులైలో వచ్చిన చట్టం ఇంకో మెలిక పెట్టింది. ఇకపై మెడికేర్ అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, వారు కాక ఒకటి రెండు చిన్న వర్గాలకు మాత్రమే. హెచ్-1బీ మీద 40 క్రెడిట్లు పోగేసి తిరిగొచ్చినవారికి, గ్రీన్ కార్డు వాపసు ఇచ్చేసినవారికి ఆ క్రెడిట్లతో మెడికేర్ రాదు. ఇంకా గ్రీన్ కార్డు చేతిలో ఉన్నవాళ్లు, తిరిగి వెళ్లే ఆలోచన ఏ కాస్త ఉన్నా, దాన్ని వదులుకునే ముందు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

తిరిగొచ్చినవారికి అసలు ప్రశ్న: పార్ట్ బీ ఇప్పుడా, తర్వాతా

పార్ట్ ఏ ఉచితమైతే ఆలోచించేదేమీ లేదు, 65కి తీసుకోండి. భారత్‌లో ఉన్నవారి సోషల్ సెక్యూరిటీ పనులు మనీలాలోని అమెరికా ఎంబసీలో ఉన్న ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్ చూస్తుంది. చెన్నై కాన్సులేటుకు వెళ్లి క్యూలో నిలబడితే ప్రయోజనం లేదు.

డాక్టరు ఫీజులు, పరీక్షలు చూసే పార్ట్ బీతోనే చిక్కంతా. 2025లో దాని ప్రీమియం నెలకు 185 డాలర్లు. బెంగళూరులో కూర్చుని కడితే ఏమీ రాదు. కట్టకుండా వదిలేస్తే, ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకు 10 శాతం చొప్పున జరిమానా, అదీ పార్ట్ బీ ఉన్నంతకాలం.

జరిమానా అనే మాటకే భయపడి చాలామంది కట్టేస్తుంటారు. లెక్క వేసి చూడండి. ఒక ఏడాది మానేస్తే మిగిలేది 2,220 డాలర్లు. దానికి తర్వాత పడే జరిమానా నెలకు 18.50, ఏడాదికి 222. అంటే తిరిగి వెళ్లాక పదేళ్లు వరసగా కడితేగాని మిగుల్చుకున్నది ఖర్చు కాదు. ఐదేళ్లు మానేసినా ఇదే నిష్పత్తి: మిగిలేది 11,100, జరిమానా ఏడాదికి 1,110. ప్రీమియం ఏటా పెరిగే కొద్దీ జరిమానా కూడా పెరుగుతుంది కాబట్టి ఆ పదేళ్లు కొంత తగ్గుతాయి. అయినా, అసలు తిరిగి వెళ్లేదే అనుమానంగా ఉన్నవారు ఇక్కడి నుంచి ప్రీమియం కట్టడం తెలివైన పని కాదని మా అభిప్రాయం.

ఇందులో ఎవరూ పట్టించుకోని సంగతి మెడిగ్యాప్. పార్ట్ బీ కింద మీ వాటా 20 శాతం, దానికి పైపరిమితి లేదు. ఆ వాటాను కప్పేదే మెడిగ్యాప్. 65 దాటి పార్ట్ బీ మొదలైన రోజు నుంచి ఆరు నెలలు మాత్రమే ఆరోగ్య ప్రశ్నలు లేకుండా అమ్ముతారు. మీరు 65కే బెంగళూరులో ఉండి పార్ట్ బీ తీసుకుంటే ఆ ఆరు నెలలూ ఇక్కడే కరిగిపోతాయి. 70లో స్టెంటు వేయించుకుని వెళ్తే చాలా రాష్ట్రాల్లో కంపెనీలు కాదనవచ్చు. ఆలస్యంగా తీసుకున్నవారికి జరిమానా పడినా ఆ ఆరు నెలలు కొత్తగా దొరుకుతాయి.

ఆలస్యం చేసేవారు తప్పించుకోవలసిన గుంట ఒకటుంది. పార్ట్ బీకి మళ్లీ తలుపు తెరిచేది ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 వరకే. దరఖాస్తు చేసిన మరుసటి నెల నుంచి వర్తిస్తుంది. ఏప్రిల్లో విమానం దిగితే తర్వాతి ఫిబ్రవరి దాకా పార్ట్ బీ ఉండదు. పార్ట్ ఏ ఉచితంగా ఉన్నవారు బెంగళూరు నుంచే జనవరిలో సీఎంఎస్-40బీ అనే పార్ట్ బీ దరఖాస్తు ఫారం పంపుకోవచ్చు. ఆపైన ఫిబ్రవరి, మార్చిల్లో ప్రయాణం పెట్టుకోండి. మందుల కోసం తీసుకునే పార్ట్ డీకి గడువు వేరు: తిరిగి వెళ్లిన నెల తర్వాత రెండు పూర్తి నెలలు.

65 దాటాక కూడా ఇక్కడ ఉద్యోగంలో ఉండి, కంపెనీ గ్రూపు బీమా ఉన్నవారికి ఈ బాధ లేదు. ఉద్యోగం లేదా ఆ బీమా, ఏది ముందు ఆగితే అప్పటి నుంచి 8 నెలల్లో జరిమానా లేకుండా పార్ట్ బీ తీసుకోవచ్చు. ఆ ఉద్యోగం, బీమా ఉన్నాయనే రుజువుకు సీఎంఎస్-ఎల్564 అనే ఫారం మీద హెచ్ఆర్ సంతకం కావాలి. ఉద్యోగం మానేసే వారంలోనే చేయించుకోండి, రెండేళ్ల తర్వాత వెళ్తే ఆ హెచ్ఆర్ ఉండదు, ఒక్కోసారి ఆ కంపెనీ కూడా ఉండదు. ఈ వెసులుబాటు మీ ఉద్యోగానికి, లేదా మీ భర్త లేక భార్య ఉద్యోగానికే. బెంగళూరు ఐటీ కంపెనీలు అమ్మానాన్నలనూ గ్రూపు పాలసీలో చేరుస్తాయి కదా, కొడుకు పాలసీలో పేరున్నంత మాత్రాన ఇది వర్తించదు. సొంతంగా కొనుక్కున్న పాలసీ కూడా లెక్కలోకి రాదు.

మెడికేర్‌లో చేరడానికి తొలి గడువు ఏడు నెలలు: 65 నిండే నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు. పుట్టినరోజు ఒకటో తారీఖైతే అంతా ఒక నెల ముందే మొదలై, ముందే ముగుస్తుంది. బడిలో వేసేటప్పుడు జులై 1 అని రాయించిన తరం మనది, అందుకే ఇది మనవాళ్లకు తరచూ తగులుతుంది. అసలు పుట్టిన తేదీ ఏదైనా, సోషల్ సెక్యూరిటీ రికార్డులో ఉన్న తేదీనే చూస్తారు.

ఇంకో చిన్న హెచ్చరిక. పార్ట్ బీ ప్రీమియానికి రెండేళ్ల కిందటి పన్ను రిటర్ను చూస్తారు, 2025కు 2023ది చూశారు. ఆ ఏడాది ఒంటరివారి ఆదాయం 106,000 డాలర్లు, జంటగా రిటర్ను వేసేవారిది 212,000 దాటితే ప్రీమియం పెరిగింది. బెంగళూరు ఫ్లాటు అమ్మిన లాభం కూడా అమెరికా రిటర్నులో చూపాలి కాబట్టి, రెండేళ్ల తర్వాత పార్ట్ బీ బిల్లు ఉలిక్కిపడేలా రావచ్చు. ఆస్తి అమ్మకానికి మినహాయింపు ఇవ్వరు.

గ్రీన్ కార్డు మీద వెళ్లే అమ్మానాన్నలకు

క్రెడిట్లు లేనివారు డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోవచ్చు, కాని అమెరికాలో వరసగా ఐదేళ్లు నివాసం ఉన్నాకే. ఆరు నెలలు దాటి బెంగళూరులో ఉండిపోతే ఆ వరస తెగిందన్న ప్రశ్న వస్తుంది. పాస్‌పోర్టు ముద్రలు, అద్దె కాగితాలు, పన్ను రిటర్నులు అన్నీ దాచండి. ఐదేళ్లు నిండే నెల చుట్టూ మళ్లీ ఆ ఏడు నెలల గడువే ఉంటుంది. తప్పితే జరిమానాయే. 2025 ధరల్లో పార్ట్ ఏకు 518, పార్ట్ బీకి 185, మొత్తం మనిషికి నెలకు 703 డాలర్లు. ఏదో పని చేసి 30 క్రెడిట్లు తెచ్చుకుంటే పార్ట్ ఏ 285కు దిగుతుంది. పార్ట్ బీ ఒక్కటే తీసుకోవచ్చు, పార్ట్ ఏ ఒక్కటే కొనడం కుదరదు.

ఈలోపు ఐదేళ్లకు దారి మార్కెట్‌ప్లేస్ పాలసీ, అంటే ప్రభుత్వం నడిపే బీమా సంతలో ప్రైవేటు కంపెనీలు అమ్మేది. దిగిన 60 రోజుల్లో తీసుకోవాలి, లేకపోతే ఏడాది చివర వచ్చే నమోదు కాలం దాకా ఆగాలి. పాత జబ్బులున్నాయని కాదనలేరు. 64 దాటాక వయసును బట్టి ధర పెరగదు, 66 ఏళ్ల అమ్మకు, 80 ఏళ్ల తాతయ్యకు ఒకటే రేటు. న్యూయార్క్, వెర్మాంట్‌లలో అసలు వయసు తేడాయే లేదు. ఒకప్పుడు ఆదాయం లేని కొత్త వలసదారులకు దొరికిన రాయితీ 2026 నుంచి ఆగింది. నాలుగేళ్ల కిందట వెళ్లిన పక్కింటివారి అనుభవాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి. పర్యాటకులకు అమ్మే విజిటర్ పాలసీ చవకగా కనిపిస్తుంది కాని పాత జబ్బులను వదిలేస్తుంది, కాపురం ఉండేవారికి సరిపోదు.

వెళ్లేముందు కళ్లజోడు, వినికిడి యంత్రం, పళ్ల సెట్టు బెంగళూరులోనే చేయించుకోండి. మామూలు మెడికేర్ ఈ మూడింటికీ ఇవ్వదు. మంచాన పడ్డవారికి దీర్ఘకాలం మనిషిని పెట్టి చూసుకునే ఖర్చు కూడా ఇవ్వదు. ఆస్పత్రిలో చేరితే 2025లో తొలి 1,676 డాలర్లు మనవే. ఇది ఏడాదికొకసారి పడేది కాదు, వరసగా 60 రోజులు ఆస్పత్రి, నర్సింగ్ వైద్యం లేకుండా గడిచాక మళ్లీ చేరితే మళ్లీ పడుతుంది.

65 లోపు: వైకల్యం, కిడ్నీ జబ్బు

అమెరికాలో పనిచేసి వైకల్యం వచ్చినవారికి ఐదు నెలలు ఆగాక సోషల్ సెక్యూరిటీ వైకల్య పెన్షను మొదలవుతుంది, ఆ పెన్షనుకు 24 నెలలు నిండాక మెడికేర్. అంటే మొత్తం 29 నెలలు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుకు ఈ రెండు నిరీక్షణలూ లేవు. కిడ్నీలు పూర్తిగా పాడై డయాలసిస్ మీద ఉన్నవారికి నాలుగో నెల మొదటి రోజు నుంచి, ఇంట్లోనే చేసుకునే శిక్షణలో చేరితే ఇంకా ముందుగానే వస్తుంది. కాని బెంగళూరు డయాలసిస్ సెంటరు బిల్లుకు అది పనికిరాదు.

అక్కడ పుట్టి, పుట్టుకతోనో 22 ఏళ్ల లోపో వైకల్యం ఏర్పడిన పిల్లలతో ఇక్కడికి వచ్చేసిన కుటుంబాలు చూడవలసింది వేరే ఉంది. తండ్రో తల్లో పెన్షను తీసుకోవడం మొదలుపెడితే, పెళ్లికాని ఆ బిడ్డకు 18 దాటాక వారి రికార్డు మీదే నెలసరి భృతి వస్తుంది, 24 నెలల తర్వాత మెడికేర్ కూడా. దీన్ని ఎస్ఎస్ఐతో కలిపి చూడకండి. అది పేదరికాన్ని బట్టి ఇచ్చేది, దేశం బయట 30 రోజులు ఉంటే ఆగిపోతుంది.

ఇక్కడ ఉంటూ పార్ట్ బీ కట్టాలనే నిర్ణయించుకున్నవారికి: పెన్షను తీసుకోనివారికి మూడు నెలలకొకసారి బిల్లు పోస్టులో వస్తుంది. అపార్ట్‌మెంటు సెక్యూరిటీ డెస్కు మీద నెలల తరబడి పడి ఉన్న కవరు వల్ల పాలసీ రద్దవుతుంది. అమెరికా బ్యాంకు ఖాతా మూసేయకుండా ఉంచి, మెడికేర్ ఈజీ పే పెట్టుకోండి. డబ్బు నెలనెలా దానంతటదే కట్ అవుతుంది.