హస్కీకి హైదరాబాద్ చలికాలం: లాగుడు సాధన ఎలా మొదలుపెట్టాలి

అలాస్కాలో మంచు మీద స్లెడ్ బండి లాగే హస్కీల వంటి కుక్కల సాధన మంచు పడేదాకా ఆగదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో రాత్రులు చల్లబడగానే కుక్కల్ని నాలుగు చక్రాల ఏటీవీ బండికి కట్టి మట్టిదారుల్లో పరిగెత్తిస్తారు. మంచు వచ్చేసరికి కండ తయారై ఉంటుంది. మంచే లేని చోట్ల ఇది ఒక ఆటగా స్థిరపడింది. కుక్క తాడును నడుముకు కట్టుకుని వెనక మనిషి పరిగెత్తితే కానిక్రాస్, సైకిలుకు కడితే బైక్‌జోరింగ్. హైదరాబాద్‌లో హస్కీ పెంచుతున్నవాళ్లకు పనికొచ్చేవి ఈ రెండే. మన చేతిలో ఉన్నదల్లా నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా తెల్లవారుజామున ఒక గంటన్నర.

ముందు థర్మామీటరు

దూరం, వేగం తర్వాతి సంగతి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒంట్లో వేడి ప్రధానంగా రొప్పడం ద్వారానే పోతుంది. నాలుక మీది తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, గాల్లో తేమ ఎక్కువైతే ఆ ఆవిరి సరిగా జరగదు. పైగా లాగడం రుచి మరిగిన హస్కీ వేడెక్కినా ఆగదు. లారీ ఇంజినుకు చిన్న కారు రేడియేటరు బిగించినట్టుంటుంది దాని సంగతి. ఆపాల్సింది మీరే.

తేమ కూడా చూపించే చిన్న డిజిటల్ థర్మామీటరు కొనండి, కొన్ని వందల్లో దొరుకుతుంది. దాన్ని ఇంట్లో కాకుండా పరిగెత్తే చోట చూడాలి. 15 డిగ్రీల లోపు ఉంటే అనుకున్న దూరం పరిగెత్తించవచ్చు. 15 నుంచి 18 మధ్య అయితే సగం దూరం చాలు. 18 దాటితే నడక మాత్రమే. 20 దాటితే హార్నెస్ (లాగడానికి కుక్క ఒంటికి తొడిగే పట్టీలు) మేకుకే వేలాడాలి. 15 లోపు ఉన్నా గాలి బిగబట్టి తేమ 85 శాతం దాటిన రోజున దూరం తగ్గించండి.

పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు తెల్లవారుజామున బేగంపేట కంటే చలి ఎక్కువ, కాబట్టి కారుంటే ఊరి అంచుకు వెళ్లడం లాభమే. డిసెంబరు, జనవరిలో సూర్యోదయం దాదాపు 6:30 నుంచి 6:50 మధ్య ఉంటుంది. రోజంతటిలో బాగా చల్లగా ఉండేది దానికి కాస్త ముందే. సాయంత్రం ఏడింటికి మనకు హాయిగా అనిపించినా పగలంతా కాగిన తారు ఇంకా వేడి కక్కుతూనే ఉంటుంది. కుక్క పొట్ట ఆ తారుకు అడుగు పైచిలుకు ఎత్తులోనే కదా. అందుకే సాయంత్రాలు వద్దు. బంగాళాఖాతంలో తుపాను ఉన్న రోజుల్లో మబ్బు పట్టి రాత్రి కూడా చల్లబడదు, ఆ వారం సాధనను వదిలేసుకోవాల్సిందే.

రాత్రంతా 18లో ఏసీ పెట్టి పడుకోబెట్టిన కుక్కను పొద్దున్నే బయట పరిగెత్తించడం మంచిది కాదు. ఒళ్లు బయటి వాతావరణానికి అలవాటు పడడానికి రెండు వారాలైనా పడుతుంది. సాధన రోజుల్లో ఏసీ మధ్యాహ్నానికి పరిమితం చేసి, రాత్రి ఫ్యాను కింద గచ్చు మీద పడుకోనివ్వండి.

ఏ కుక్కకు, ఏ వయసులో

ఏడాది నిండని కుక్కతో లాగించకూడదు. సైకిలుకు కట్టాలంటే 18 నెలలు నిండాలి, ఎదుగుతున్న కీళ్ల మీద బరువు పడితే ఆ దెబ్బ జీవితాంతం ఉంటుంది. మొదలుపెట్టే ముందు తుంటి ఎక్స్‌రే, గుండె పరీక్ష, వీటితో పాటు రక్త పరీక్ష చేయించండి. వానాకాలం వెళ్లేటప్పుడు మన దగ్గర పిడుదులు విపరీతం. వాటి నుంచి వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు పైకి కనిపించకుండానే ప్లేట్‌లెట్లను, రక్తాన్ని తగ్గిస్తాయి. నిన్నటిదాకా బాగా లాగిన కుక్క ఒక్కసారిగా వెనకబడితే దాన్ని బద్ధకమనుకోకండి, ముందు రక్తం చూపించండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ పనికి హస్కీయే కావాలని లేదు. యూరప్‌లో మంచు లేని పోటీల్లో ముందుండేవి ఎక్కువగా పొట్టి బొచ్చు పాయింటర్ వేటకుక్కల సంకరాలే. మన వేడికి 18, 20 కిలోల ఊరకుక్క హస్కీ కంటే బాగా సరిపోతుంది.

హార్నెస్, తాడు

మెడపట్టీకి కట్టి లాగిస్తే గొంతు నలుగుతుంది. నడకకు అమ్మే హార్నెస్‌లలో చాలావాటికి ఛాతీకి అడ్డంగా పట్టీ ఉంటుంది, అది భుజాన్ని ముందుకు చాచనివ్వదు. లాగడానికి ఎక్స్‌-బ్యాక్ (వీపు మీద పట్టీలు ఎక్స్‌ ఆకారంలో దాటేది) లేదా హాఫ్-బ్యాక్ (వీపు మధ్యలోనే ముగిసేది) రకం కావాలి. తొడిగి, వెనక కొక్కెం పట్టుకుని తోక వైపు లాగి చూడండి. మెడ దగ్గరి భాగం గొంతు మీదికి ఎక్కకుండా రొమ్ము ఎముక మీద, భుజాల మొదట్లో కూర్చోవాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఎక్స్‌-బ్యాక్ అయితే చివర సరిగ్గా తోక మొదటికి రావాలి. అంతకంటే పొట్టిదైతే పక్కటెముకల్ని నొక్కుతుంది, పొడుగైతే పక్కకు జారి చంకల్లో ఒరుస్తుంది. పరుగు అయ్యాక రోజూ చంకల్లో వెంట్రుకలు విరిగాయేమో వేళ్లతో తడిమి చూడాలి.

పరిగెత్తేవాళ్లకు సాగే తాడు 2 మీటర్లు, సైకిలుకు రెండున్నర మీటర్లు ఉండాలి. తాడులో సాగే భాగం లేకపోతే ప్రతి కుదుపూ కుక్క వెన్నుకూ మీ నడుముకూ తగులుతుంది. సైకిలు హ్యాండిల్‌కు తాడు చుట్టకండి, కుక్క పక్కకు దూకితే బండి అక్కడే పడుతుంది. ముందు చక్రం పైనుంచి ముందుకు పొడుచుకొచ్చే గట్టి కడ్డీ ఒకటి బిగించి, తాడును దాని గుండా పోనివ్వాలి. తాడు వదులైతే చక్రంలో ఇరుక్కుంటుంది. కాబట్టి కుక్క కంటే వేగంగా పోకుండా ఒక చేతివేలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంచండి. డిస్క్ బ్రేకులు, హెల్మెట్, చేతి తొడుగులు తప్పనిసరి.

మాటలు

సైకిలు ఎక్కకముందే, నడకలోనే ఇవి రావాలి. అలాస్కావాళ్లు కుడికి 'జీ', ఎడమకు 'హా', బయల్దేరడానికి 'హైక్', ఆగడానికి 'వో' అంటారు. 'కుడి', 'ఎడమ' అన్నా కుక్కకు ఒకటే. కానీ బయల్దేరే మాటగా 'పద' వద్దు. ఇంట్లో రోజుకు వందసార్లు వినబడే మాట అది, హాల్లోనే సోఫాను లాగేస్తుంది. మలుపుకు మూడు నాలుగు అడుగుల ముందు మాట చెప్పి, సరైన వైపు తిరిగిన క్షణాన మెచ్చుకోవాలి. మలుపు దాటాక చెప్పే మాట వృథా.

అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు. ఒకటి, మీరు సిద్ధమయ్యేదాకా తాడు బిగించి ముందుకు చూస్తూ నిలబడడం. రెండోది, మేకలు, ఆవులు, వీధికుక్కలు ఎదురైనా తల తిప్పకుండా దాటిపోవడం. ఈ రెండోది రాని కుక్కను హైదరాబాద్ దారుల్లో సైకిలుకు కట్టకూడదు. వీధికుక్కల గుంపు వస్తే సైకిలు దిగి, మీ కుక్కకూ వాటికీ మధ్య సైకిలు అడ్డంగా పెట్టి నడిచి దాటండి. వాటి ముందు పరిగెడితే వెంటపడతాయి. మరొకరు స్కూటీ మీద వంద గజాలు ముందు వెళ్తే సగం బాధ తప్పుతుంది.

వారాల లెక్క

అక్టోబరంతా హార్నెస్ వేసి 2, 3 కిలోమీటర్ల నడక. ఇంకో పక్క బరువు అలవాటు చేయండి. మొదట ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి ఆ చప్పుడుకు బెదురు పోగొట్టాలి. తర్వాత పంక్చర్ షాపులో పాత సైకిల్ టైరు అడిగి తెచ్చి కట్టండి, అది అలవాటయ్యాక స్కూటర్ టైరు. 22 కిలోల కుక్కకు 2 కిలోలు చాలు. మడమలకు తగలకుండా టైరు రెండున్నర మీటర్ల వెనక ఉండాలి, నేల మట్టిదై ఉండాలి. దీపావళి ముందూ వెనకా కొన్ని రోజులు కొత్తవేవీ నేర్పకండి. టైరు చప్పుడుకు, టపాకాయకు ముడిపడితే విడదీయడం కష్టం.

నవంబరు మధ్యలో కిలోమీటరు పరుగుతో మొదలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. 500 మీటర్లకోసారి రెండు మూడు నిమిషాలు ఆపి నీళ్లు పట్టండి. తర్వాత వారానికి 10 నుంచి 15 శాతం కంటే ఎక్కువ పెంచకండి, నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. ఊపిరి రెండు వారాల్లో మెరుగుపడుతుంది, కండను ఎముకకు కలిపే తంతువులకూ కీళ్లకూ మాత్రం నెలలు పడతాయి. అందుకే కుక్క ఉత్సాహం చూసి దూరం పెంచినవాళ్లు డిసెంబరులో కుంటే కుక్కతో మిగులుతారు. ఈ లెక్కన మొదటి ఏడాది జనవరి చివరికి 3 కిలోమీటర్లు వస్తే బాగా చేసినట్టే. దౌడు వద్దు, గంటకు 12 నుంచి 14 కిలోమీటర్ల నిదానమైన పరుగే కండను పెంచుతుంది.

దారి మెత్తని మట్టిదై ఉండాలి. తుమ్మముళ్లు, పల్లేరుకాయలు కుక్క పాదాలకూ సైకిలు ట్యూబుకూ ఒకేలా పనిచేస్తాయి, చిన్న పట్టుకారు జేబులో ఉండాలి. కుక్క పాదాలకే చెమట పడుతుంది కాబట్టి బూట్లు గాయం ఉన్నప్పుడే తొడగండి. సంక్రాంతి వారంలో తెగిన గాలిపటాల మాంజా తుప్పల్లో, నేల మీదా ఉండి పాదాన్నీ మెడనూ కోస్తుంది. ఆ వారం చీకట్లో పరిగెత్తించకండి, తెలిసిన దారినైనా ముందు ఒకసారి నడిచి చూడండి.

తిండి, నీళ్లు

రాత్రి తిండి ఏడింటికల్లా అయిపోవాలి. నిండు కడుపుతో పరిగెడితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పరుగు 5:30కి అయితే నాలుగింటికే లేపి 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లు తాగించండి. వట్టి నీళ్లు ముట్టకపోతే చికెన్ ఉడికించిన నీళ్లు కాస్త కలపాలి. అందులో ఉల్లి, వెల్లుల్లి పడకూడదు, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పరుగయ్యాక రొప్పు పూర్తిగా తగ్గి గంట గడిచాకే తిండి.

సుదూర పోటీల్లో స్లెడ్ కుక్కలు రోజుకు 10,000 కేలరీల దాకా తింటాయని విని గిన్నె నింపకండి. ఈ స్థాయి సాధనకు 22 కిలోల కుక్కకు 1,100 నుంచి 1,400 చాలు. పెరుగన్నం కడుపు నింపుతుంది కానీ మాంసకృత్తులు, కొవ్వు చాలవు.

వేడి తలకెక్కితే

నాలుక వెడల్పై అంచులు పైకి చుట్టుకోవడం, జిగట చొంగ, ఇటుకరంగు చిగుళ్లు, తాడు వదులవడం, వెనక కాళ్లు తూలడం. వీటిలో ఏది కనబడినా పరుగు ఆగాలి. మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీలు. పరుగు తర్వాత 40 దాటడం వింత కాదు, పావుగంటలో దిగకపోతేనే భయం. నీడలో పెట్టి పొట్ట, తొడలు తడిసేలా మామూలు నీళ్లు పోస్తూ గాలి విసరండి. తడి తువ్వాలు కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. 39.5కు దిగాక నీళ్లు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చల్లబరచడం ముందు, ప్రయాణం తర్వాత. కాబట్టి బండిలో ఎప్పుడూ 10 లీటర్ల నీళ్ల క్యాను ఉండాలి. ఆ రోజో మర్నాడో మూత్రం కాఫీ రంగులో వస్తే కండరాలు కరుగుతున్నాయని అర్థం, గంట కూడా ఆగొద్దు.

ఫిబ్రవరి మొదలవగానే వారం వారం దూరం సగానికి తగ్గించుకుంటూ రండి. ఒక్కసారిగా మానేస్తే కుక్క ఇంట్లో తలుపులు పీకుతుంది. మార్చిలో బొచ్చు గొరిగించొద్దు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. లోపలి మెత్తటి బొచ్చును దువ్వెనతో తీసేస్తే సరిపోతుంది.