వరిలో ఆరుతడి: రైతులను ఒప్పించింది ఒక పైపు ముక్క

వరి మడిలో నీళ్లు కాస్త తగ్గితే చాలు, రైతులు మోటారు వేసేస్తారు. మడి కాస్త ఆరాకే మళ్లీ నీళ్లు పెట్టే ఆరుతడి పద్ధతి అంటే దిగుబడి పోతుందని వాళ్లకు టెన్షన్. వాళ్లను ఒప్పించడానికి మేం పెట్టిన సమావేశాలు, పంచిన కరపత్రాలు, చూపిన వీడియోలు, ఏవీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. 30 సెం.మీ. పీవీసీ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేశాం. రైతు సొంత మడిలోనే, గట్టుకు దగ్గరగా, రంధ్రాల భాగం నేలలోకి పోయేలా దించి లోపలి మట్టి తీసేశాం (ఇది మరిస్తే నీటిమట్టం కనపడదు). నాట్లయిన రెండు వారాలకు మొదలుపెట్టాం. పైపులో నీళ్లు నేల కంటే 15 సెం.మీ. కిందికి దిగాకే 5 సెం.మీ. ఎత్తున తడి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీళ్లు నిలిపే ఉంచాలి. స్కేలు రైతు చేతికే ఇచ్చాం. పైన మడి ఆరినట్టున్నా వేళ్ల దగ్గర నీళ్లున్నాయని ఆయనే కొలిచి చూశారు. ఇక నేను వాదించాల్సింది మిగల్లేదు.

అన్నిచోట్లా కుదురుతుందనను. ఇసుక నేలల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది. కాలువ నీళ్లు వంతులవారీగా వచ్చేచోట మనకు కావాల్సినప్పుడు తడి ఇవ్వలేం. డీజిల్ పోసి తోడేవాళ్లకు ఖర్చు తగ్గుతుంది గానీ, నీళ్లకు విడిగా డబ్బు కట్టనివాళ్లకు లాభం పెద్దగా కనిపించకపోవచ్చు. కలుపు మాత్రం ఎక్కువయ్యే అవకాశం ఉంది, అది రైతులకు ముందే చెప్పేయండి.